టెక్సస్‌లో మనుబోతు వేట: సామాను గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా నవంబరు దగ్గరపడేసరికి ఫోన్లు మొదలవుతాయి. డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో ఎవరో ఒకరు "అన్నా, ఈసారి నేనూ వస్తా. ఏ గన్ కొనమంటావు?" అంటారు. కొనాల్సిన చిట్టాలో గన్‌ది నాలుగో స్థానమో ఐదో స్థానమో అంటే నమ్మరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక, అడిగినవాళ్ళకి ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చినవన్నీ ఇక్కడ రాసిపెట్టాను.

అసలు మనుబోతు టెక్సస్‌లోకి ఎలా వచ్చింది?

హిందీవాళ్ళు నీల్గాయ్ అంటారే, అదే. పేరులో ఆవు ఉంది గానీ అది ఆవు కాదు, యాంటిలోప్ అనే రకం జంతువు. 1930 ప్రాంతంలో కింగ్ రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రం వాళ్ళు తెచ్చి దక్షిణ టెక్సస్‌లో వదిలారు. అక్కడి ఎండ, ముళ్ళపొద, ఇసుకనేల దానికి పుట్టిల్లులా అనిపించినట్టుంది. ఇప్పుడు కెనెడీ, విల్లసీ కౌంటీల తీరం పొడవునా వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. చుక్కల దుప్పి 1932లో వచ్చింది. కృష్ణజింక కూడా ఉంది. అంటే తెలంగాణ రాష్ట్ర జంతువూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువూ రెండూ టెక్సస్ కంచెల వెనక మేస్తున్నాయన్నమాట. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాలో నోరెళ్ళబెట్టాలో తెలియలేదు.

టెక్సస్ చట్టం వీటిని బయటినుంచి వచ్చిన జంతువులుగా చూస్తుంది. కాబట్టి తెల్లతోక దుప్పికి ఉన్నట్టు సీజనూ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. వేట లైసెన్సు, భూమి యజమాని అనుమతి మాత్రం తప్పనిసరి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తిచేయాలి. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు.

ఇండియా వెళ్ళినప్పుడు నల్లమలలో...?

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఆ మాట సరదాకి కూడా ఎత్తకండి.

నాది హెచ్-1బి. తుపాకీ ముట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న మొదట అడిగినవాడే తెలివైనవాడు. చాలామంది కొన్న తర్వాత అడుగుతారు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ చిక్కు లేదు.

అసలు మెలిక గడువు దగ్గర ఉంది. టెక్సస్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. సెప్టెంబరు 1 పొద్దున మీ బీరువాలో రైఫిల్ ఉండి, జేబులో కొత్త లైసెన్సు లేకపోతే మీరు నేరం చేస్తున్నట్టే. కొత్త సంవత్సరపు లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి, ఆ వారమే తీసుకోండి. దుకాణంలో ఫారం 4473 (తుపాకీ కొనేవాళ్ళు నింపే ఫెడరల్ ఫారం) నింపేటప్పుడు ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) నంబరు, లైసెన్సు కాపీ దగ్గర పెట్టుకోండి. వీసా ఫైలు ఏదైనా నడుస్తుంటే ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక్కమాట మాట్లాడండి. రైఫిల్ ఆర్నెల్లు ఆగి కొన్నా కొంపలేం మునగవు.

నమ్మకమైన సామాను అంటే ఖరీదైనదనేనా?

కాదు. మీరు స్వయంగా వాడి, తడిపి, కింద పడేసి, మళ్ళీ గురిచూసి, ఎక్కడ తేడా వస్తుందో తెలుసుకున్న సామాను. నేను చూసినంతలో వేట పాడైంది రైఫిల్ వల్ల దాదాపు ఎప్పుడూ లేదు. స్కోప్‌ని (గురిచూసే దుర్భిణి) పట్టుకునే రింగు స్క్రూ వదులై, బూటు మడమ కొరికి, స్లింగ్ (తుపాకీ పట్టీ) కొక్కెం ఊడి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ బ్యాటరీ అయిపోయి పాడైనవే అన్నీ. మా అమ్మమ్మ కొత్త కుండలో మొదటిరోజే ఎసరు పెట్టేది కాదు. ముందు నీళ్ళుపోసి రాత్రంతా ఉంచి చూసేది. ఇదీ అంతే.

ఏ క్యాలిబర్ (తూటా సైజు)?

మనుబోతు పోతు 600 పౌండ్ల దాకా తూగుతుంది. మెడమీదా భుజాలమీదా తోలు చాలా మందం. మామూలు టెక్సస్ దుప్పి దాని పక్కన మేకపిల్లలా ఉంటుంది. దుప్పికి సరిపోయే తుపాకీ దీనికి సరిపోదని అక్కడి గైడ్లంతా ఒకటే పాట పాడతారు, అది నిజమే. వాళ్ళు ఎక్కువగా అడిగేది .300 విన్చెస్టర్ మాగ్నమ్, లేదా అంతకు పైది. 1963లో వచ్చింది అది. 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్, .338 విన్చెస్టర్ మాగ్నమ్ కూడా మంచివే.

మరి .30-06? రెండు ప్రపంచ యుద్ధాల్లో అమెరికా సైన్యం మోసిన తూటా అది, 1906 నాటిది. మంచి బుల్లెట్ వేసి, 200 గజాల లోపు, ఓపిగ్గా కొడితే పని చేస్తుంది. నా ఉద్దేశంలో, .300 మాగ్నమ్ తన్నుకి కళ్ళు మూసుకునేవాడికంటే .30-06తో కళ్ళు తెరిచి కొట్టేవాడు నయం. మాగ్నమ్ నిజంగానే గట్టిగా తన్నుతుంది. ఒక పెట్టె కాల్చాక భుజం నల్లబడటమే కాదు, పేలకముందే ఒళ్ళు ఉలిక్కిపడటం అలవాటైపోతుంది. ఆ అలవాటు పట్టిందో లేదో తెలియాలంటే స్నేహితుణ్ణి పక్కన పెట్టుకుని, మీరు చూడకుండా మధ్యమధ్య ఒక డమ్మీ తూటా పెట్టమనండి. ట్రిగ్గర్ నొక్కితే "టక్" మన్నప్పుడు గొట్టం కిందికి ఊగిందా, జబ్బు పట్టినట్టే. చిన్న క్యాలిబర్‌కి దిగి మళ్ళీ మెల్లగా పైకి రండి.

6.5 క్రీడ్‌మూర్ ఉన్నవాళ్ళు ఇక్కడికొచ్చి వాదిస్తారు. దుప్పికీ కృష్ణజింకకీ అది చక్కటి తూటా. పెద్ద పోతు మీద మాత్రం నేను వాడను.

బుల్లెట్ ఏదైనా ఒకటేగా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపికుంటే ఇది చదవండి.

1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకి మూస్ (పెద్ద దుప్పి జాతి) వేటకి వెళ్ళాడు. మంచి తుపాకీ, మంచి గురి. అయినా ఒళ్ళంతా బురద పట్టేసిన మూస్ కదల్లేదు, బుల్లెట్లు లోతుకి దిగకుండానే చితికిపోయాయి. ఇంటికొచ్చి రాగి కవచం మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టాడు: ముందు అర విచ్చుకుంటుంది, వెనక అర గట్టిగా నిలబడి లోపలికి తోసుకుపోతుంది. 1948లో దాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. నోస్లర్ పార్టిషన్ అంటే అదే, ఇవాళ్టికీ దుకాణాల్లో ఉంది.

మనుబోతు విషయంలో సమస్య సరిగ్గా నోస్లర్‌ది. మెత్తటి బుల్లెట్ భుజం ఎముక దగ్గరే పువ్వులా విచ్చుకుని ఆగిపోతుంది. మందపాటి తోలు గాయాన్ని మూసేస్తుంది, నెత్తురు బయటికి కారదు. దెబ్బతిన్న జంతువు ముళ్ళపొదలోకి దూరితే జాడ తీయడం గైడుకి కూడా కష్టమే. ఆ జంతువు ఎక్కడో రాత్రంతా నరకం పడి చస్తుంది. అందుకని సీసం చితికిపోకుండా అడ్డుగోడ పెట్టినవో అతికించినవో అయిన బుల్లెట్లు గానీ (పార్టిషన్, స్విఫ్ట్ ఏ-ఫ్రేమ్, అక్యూబాండ్), మొత్తం రాగితో చేసినవి గానీ (బార్న్స్ టీఎస్ఎక్స్) తీసుకోండి. .300లో 180 గ్రెయిన్ల బరువు సరిపోతుంది. పెట్టె ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది, నిజమే. ప్రాక్టీసుకి చవక తూటాలు వాడుకోండి, కానీ గురి సరిచేసేది మాత్రం వేటకి తీసుకెళ్ళే తూటాతోనే. బుల్లెట్ మారితే దెబ్బ పడే చోటు మారుతుంది.

రైఫిల్ కొత్తదా, పాతదా? ఏ కంపెనీ?

బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించే రకం. మిగతావి తర్వాత. టిక్కా, హోవా, వెదర్‌బీ వాన్‌గార్డ్, రూగర్ అమెరికన్, సావేజ్ 110, విన్చెస్టర్ మోడల్ 70: వీటిలో ఏదైనా మీకంటే బాగానే కొడుతుంది. కోపం తెచ్చుకోవద్దు, నాకంటే కూడా.

మోడల్ 70 కొన్ని రకాల్లో పాత జర్మన్ మౌజర్ 98 పద్ధతి ఉంటుంది. తూటా మ్యాగజీన్ నుంచి లేస్తూనే బోల్ట్‌కున్న పెద్ద కొక్కెం దాని అంచుని పట్టేసుకుంటుంది, తుపాకీ ఏ కోణంలో ఉన్నా జారదు. ఆఫ్రికాలో ఏనుగుల ముందు నిలబడేవాళ్ళు దీన్నే కోరుకుంటారు. మనుబోతు తిరగబడి మీదికొచ్చే రకం కాదు, కాబట్టి ఇది లేకపోయినా పర్వాలేదు.

చూడాల్సింది లోహం. అక్కడ లగూనా మాద్రే అనే తీరపు ఉప్పునీటి మడుగు మీంచి ఉప్పుగాలి కొడుతుంది. నీలం పూత గొట్టం మీద రెండురోజుల్లో ఎర్రటి చుక్కలు లేస్తాయి. స్టెయిన్‌లెస్ గానీ సెరాకోట్ పూసింది గానీ తీసుకోండి. చెక్క మడమ (తుపాకీ స్టాక్) అందంగానే ఉంటుంది, ఫొటోలకి. ప్లాస్టిక్ మడమ తేమకి ఉబ్బదు. ఇంకో సంగతి, బోల్ట్‌కి నూనె దండిగా పూస్తే మేలనుకుంటారు. ఆ ప్రాంతమంతా ఇసుక. నూనెకి ఇసుక అంటుకుని బోల్ట్ కరకరలాడుతూ ఇరుక్కుంటుంది. పొడిగుడ్డతో తుడిచి, పలచగా ఒక్క పొర చాలు.

పాత రైఫిల్ కొంటే గొట్టం మూతి మీద గీతలు, సొట్టలు ఉన్నాయేమో చూడండి. ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసుకున్నాక, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలి, సేఫ్టీ తీయండి. అప్పుడు క్లిక్ మన్నదంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

స్కోప్‌కి ఎంత పెట్టాలి?

రైఫిల్‌కి పెట్టినంత. ఇది విని చాలామంది మొహం చిట్లిస్తారు. సరే, కనీసం ముప్పావు వంతు. 3-9x40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) చాలు, 25 రెట్ల పెద్ద గొట్టాలు అక్కర్లేదు. మాగ్నమ్ తన్నుకి చవక స్కోప్‌ల లోపలి అద్దాలు కదులుతాయి, బయటికేం కనబడదు. గురి మాత్రం రోజుకో చోట పడుతుంది.

నా మొదటి మనుబోతు వేట అలాగే పోయింది. అయితే తప్పు స్కోప్‌ది కాదు. దుకాణంలో బిగించి ఇచ్చారు కదా అని నేను మళ్ళీ చూడలేదు. ఇంటినుంచి ఏడు గంటల ప్రయాణం, తర్వాత రాక్ ట్రక్కులో (పైన కూర్చోడానికి ఎత్తు వేదిక కట్టిన ట్రక్కు) రాళ్ళదారి కుదుపులు. 180 గజాల్లో పక్కకి తిరిగి నిలబడ్డ పోతు. కొట్టాను, దాని వెనకాల ఇసుక ఎగిరింది. అది మావైపు ఒకసారి చూసి, ఏ తొందరా లేకుండా పొదలోకి వెళ్ళిపోయింది. గాయం కాలేదు, అది నా అదృష్టం. తర్వాత చేత్తో పట్టుకుంటే స్కోప్ రింగులో ఆడింది. ఆ సాయంత్రమే అమెజాన్‌లో ఎంత బిగించామో కొలిచే టార్క్ స్క్రూడ్రైవరు ఆర్డరు పెట్టాను. రింగుల పైమూత స్క్రూలు సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. కింది బేస్ స్క్రూలకి తయారీదారు చెప్పిన అంకె చూసుకుని, స్క్రూ వదులవకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ ఒక్క బొట్టు వేయండి. స్క్రూ తలమీద గోళ్ళరంగుతో గీత గీయండి. గీత జరిగితే స్క్రూ జరిగినట్టే, ఏ పరికరమూ అక్కర్లేదు. గోళ్ళరంగు మా ఆవిడ ఐడియా.

గురి ఎన్ని గజాలకి సరిచేయాలి?

200కి. అంటే 100 గజాల దగ్గర అంగుళంన్నర ఎత్తుగా పడాలి. 180 గ్రెయిన్ల .300 మాగ్నమ్ అప్పుడు 300 గజాల దగ్గర ఏడంగుళాల వరకు కిందికి పడుతుంది. 300 దాటి కొట్టే పని పెట్టుకోకండి.

గుండె, ఊపిరితిత్తులు మనం అనుకునే చోటికంటే కిందికీ ముందుకీ ఉంటాయి. ముందుకాలు గీత పట్టుకుని పైకి వచ్చి, ఒంటి ఎత్తులో మూడోవంతు దగ్గర ఆపండి. కొట్టిన వెంటనే బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించండి. గుండెకి తగిలిన మనుబోతు కూడా చాలా దూరం పరిగెత్తగలదు. చూస్తూ నిలబడితే కుదరదు.

రేంజిలో బల్ల మీద బాగా పడుతున్నాయి. చాలదా?

ముళ్ళపొదలో బల్ల ఉండదు. మూడుకాళ్ళ షూటింగ్ స్టిక్స్ కొనండి, నెలన్నర ముందు నుంచి వాటి మీదే ప్రాక్టీసు చేయండి. నిలబడి, కూర్చుని, మెట్టెక్కి దిగి రొప్పుతూ. సెండెరో అని పొదలమధ్య కొట్టిన బాటలుంటాయి. మనుబోతు ఆ బాట దాటే క్షణం తక్కువ, ఆగి చూసే క్షణం ఇంకా తక్కువ. దాని చూపు చాలా పదును. కర్రలు తెరవడానికి తడుముకుంటే అయిపోయింది. ఇంట్లో పిల్లలు నవ్వుతుంటే నవ్వనివ్వండి, హాల్లో ఖాళీ తుపాకీతో, కర్టెన్లు వేసుకుని, రోజూ ఇరవైసార్లు తెరిచి మూయండి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

బైనాక్యులర్స్ అవసరమా? స్కోప్‌లోంచి చూడొచ్చుగా?

స్కోప్‌లోంచి చూడటమంటే తుపాకీ గురిపెట్టడమే. అవతల ఉన్నది పశువులకాపరి కావచ్చు. 8x42 గానీ 10x42 గానీ తీసుకోండి. చీకటి పడేవేళ 8x42 వెలుతురు బాగా ఇస్తుంది, చెయ్యి వణికినా బొమ్మ అంతగా కదలదు. నాకు అదే ఇష్టం.

బట్టలు, బూట్లు?

రాయలసీమ, పాలమూరు వాళ్ళకి అక్కడ దిగగానే ఇల్లు గుర్తొస్తుంది. మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి చుట్టమే, నాగజెముడు ఎక్కడ చూసినా ఉంటుంది. చేలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకి ఇక చెప్పాలా. పలచటి కామోఫ్లాజ్ ప్యాంటు మొదటి గంటలోనే చిరుగుతుంది. తొడమీద దళసరి గుడ్డ వేసి కుట్టిన బ్రష్ ప్యాంటు కావాలి.

ర్యాటిల్‌స్నేక్ ఉంటుంది. చలికాలంలో కూడా మధ్యాహ్నం ఎండ కాస్తే బయటికొస్తుంది. మోకాలి దాకా వచ్చే పాము రక్షణ గెయిటర్లు బూట్ల మీద కట్టుకుంటే చాలు, పాము బూట్లే కొనక్కర్లేదు. బూట్లు మాత్రం నెలముందు కొని ఆఫీసుకి కూడా అవే వేసుకెళ్ళండి. బొబ్బ లేచిన కాలితో ఎవరూ మెల్లగా, చప్పుడు లేకుండా నడవలేరు. పొద్దున వణుకు, మధ్యాహ్నం చెమట, కాబట్టి పొరలు పొరలుగా వేసుకోండి. పిడుదులు (టిక్స్) దండిగా ఉంటాయి, పర్మెత్రిన్ అనే పురుగుమందు స్ప్రే ముందురోజే బట్టలకి కొట్టి ఆరబెట్టండి.

ప్రైవేటు రాంచ్‌లో నారింజరంగు చొక్కా చట్టం అడగదు. ప్రభుత్వ వేటభూముల్లో అయితే 400 చదరపు అంగుళాలు, దానికి తోడు టోపీ ఉండాలి. మా గుంపు ఎక్కడైనా వేసుకుంటుంది.

చెవులకి?

ఎలక్ట్రానిక్ మఫ్స్. మాటలు వినిపిస్తాయి, పేలుడు ఆగుతుంది. గొట్టం మూతికి మజిల్ బ్రేక్ ఉన్న రైఫిల్ తన్ను తగ్గిస్తుంది గానీ పక్కవాడి చెవి పోగొడుతుంది.

కత్తి, ఐస్ చెస్ట్?

కొట్టడం అయ్యాక అసలు పని మొదలు. పోతు మెడ తోలు ఒలుస్తుంటే మంచి కత్తి కూడా సగంలోనే మొద్దుబారుతుంది. నాలుగంగుళాల అలుగున్న గట్టి కత్తి ఒకటి, బ్లేడు మార్చుకునేది ఒకటి, సానరాయి. నైట్రైల్ గ్లోవ్స్ ఒక పెట్టె. ఎండలో మాంసం ఒంటి వేడికే చెడిపోతుంది, అందుకే తోలు త్వరగా తీసి, ముక్కలు గుడ్డసంచుల్లో వేసి గాలి తగిలేలా ఆరబెట్టి, తర్వాత ఐస్‌లో పెట్టాలి. పెద్ద ఐస్ చెస్ట్‌లు రెండు ఉండాలి. కింద నీళ్ళుపోయే బిరడా తీసి ఉంచండి, మాంసం నీళ్ళలో నానకూడదు. కొవ్వు దాదాపు ఉండదు, కూర మేకమాంసంలా మెత్తబడటానికి టైం పడుతుంది. ప్రెషర్ కుక్కర్ కూడా వేట సామానే.

ఒక జాగ్రత్త: ఆ ప్రాంతంలో పశువులకి జ్వరం తెచ్చే పిడుదుకి మనుబోతు వాహకం. క్వారంటైన్‌లో ఉన్న రాంచ్ నుంచి తోలు బయటికి తేవాలంటే తనిఖీ జరగాలి. ముందే గైడుని అడగండి.

న్యూజెర్సీ నుంచి విమానంలో వస్తాను. రైఫిల్ ఎలా?

ఖాళీ తుపాకీ, తాళం వేసిన గట్టి పెట్టె, చెక్-ఇన్ కౌంటర్లో చెప్పి అప్పగించాలి. తూటాలు కూడా చెక్-ఇన్ సామానులోనే, మామూలుగా 11 పౌండ్ల వరకు ఒప్పుకుంటారు. మీ రాష్ట్రం చట్టాలు విడిగా చూసుకోండి. దిగాక ఒకసారి రేంజికి వెళ్ళి గురి సరిచూడకుండా వేటకి వెళ్ళొద్దు. మొదటిసారైతే నా సలహా, రాంచ్ వాళ్ళ రైఫిల్ అద్దెకి తీసుకోండి.

వేట బ్యాగు ఇండియాకి తీసుకెళ్ళొచ్చా? మంచి బ్యాగు, కొత్తది.

ఖాళీ బ్యాగే అయినా వద్దు. జేబు అడుగున మరిచిపోయిన ఒక్క తూటా హైదరాబాదు విమానాశ్రయం స్కానర్లో కనబడిందంటే ఆయుధాల చట్టం కింద కేసు, సెలవులన్నీ కోర్టు చుట్టూ. వేటకి వేరే బ్యాగు, వేరే జాకెట్, వేరే ప్యాంటు పెట్టుకోండి. కొమ్ములు, తోలు కూడా తీసుకెళ్ళకండి, అక్కడ అవి రక్షిత జంతువులవి. నేను గ్యారేజీలో వేట సామాను ఉన్న అలమరకి ఎర్ర టేపు అంటించాను. ఇండియా సూట్‌కేసులు ఆ గోడవైపు కూడా పెట్టనివ్వను.